ఆగవే మొక్క

మా ఇంట్లో నీళ్ళు లేక చచ్చిన మొక్క ఒక్కటీ లేదు. అన్నీ మునిగి చచ్చినవే. కరీంనగర్ ఎండలు చూస్తే నాకు మనసాగదు, చెంబు పట్టుకుని బయల్దేరతాను. మాట్లాడేటప్పుడు తడబడటం, మొక్క కనిపిస్తే తడపడం, ఈ రెండే నాకు పూర్తిగా వచ్చిన విద్యలు.

అందుకే ఆ చిన్న కుండీని నా చేతిలో పెట్టినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, అనుమానంగా చూసిందంటే తప్పు ఆమెది కాదు. కుండీలో ఉన్నది అరచేయంత మొక్క. బూడిద చల్లినట్టున్న పచ్చటి మట్టలు ఒకదాన్నొకటి హత్తుకుని ముడుచుకున్నాయి. ప్రతి మట్ట కొసకూ ఒక నల్లటి ముల్లు. ఎన్నేళ్ళు పెరిగినా చిన్న పుచ్చకాయంతకు మించదు. మా నాన్న, బాపు, పోయాక హుస్నాబాద్ ఇంటి నుంచి నేను అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

అడగడానికి కారణం ఉంది. బాపు మరమగ్గం నడిపేవాడు. సాంచె అంటాం మేము. రోజంతా సాంచెల చప్పుడులో బతికిన మనిషి కాబట్టి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. నన్ను ముద్దుగా పిలిచినా వాడకట్టు మొత్తం పలికేది. ఒక వేసవిలో ఆయనకు కడుపులో మంట మొదలైతే, కలబంద గుజ్జు తినమని ఎవరో చెప్పారు. అంగడి రోజు మొక్కల బండి మీద ఇది కనిపించింది. అడగనూ లేదు, ఆగనూ లేదు, కలబందే అనుకుని పట్టుకొచ్చాడు. మరునాడు పొద్దున అడుగు వరసలో ఒక మట్టను కత్తితో సగానికి కోశాడు. గుజ్జు రాలేదు. సన్నటి తెల్లటి పోగులు బయటికొచ్చాయి. కలబంద అనుకున్న కల అక్కడే బంద్ అయింది.

"అగో, గిండ్ల గుజ్జు లేదే, నూలున్నది!" అని బాపు అరిచాడు.

"నూలు తింటె మంట తగ్గుతదా?" అంది పక్కనే కూర్చున్న అవ్వ.

"తగ్గదు. నేసుకుంటె కడుపైతె నిండుతది."

ఆ పసరు తగిలి చేతులు దురద పెడుతున్నా బాపు ఊరుకోలేదు. కోసిన ముక్కను రాయి మీద దంచి, కడిగి, పోగులు తీసి ఆరబెట్టాడు. మగ్గం మీద తెగిన పోగును చూడకుండానే అతికే వేళ్ళు ఆయనవి. నాలుగు వేళ్ళ మట్టలోంచి తీసిన పోగులను ముడివేసుకుంటూ, పురి పెట్టుకుంటూ మూరెడు దారం పేనాడు. ఆ దారం తర్వాత ఏమైందో నేను పట్టించుకోలేదు. నాకు గుర్తున్నది మొక్క మీద మిగిలిన సగం మట్ట. కోసిన చోట గోధుమరంగు పెచ్చు కట్టి అలాగే ఉండిపోయింది.

కరీంనగర్‌లో కిరాయింటికి వచ్చాక, ఆ సగం మట్ట నాకు కనిపించేలా కుండీని తిప్పి గచ్చు మీద పెట్టాను. అది ఉన్నన్నాళ్ళు బాపు చెయ్యి ఇంట్లో ఉన్నట్టే అనిపించేది. అది మాత్రం ఎండిపోకూడదు అనుకున్నాను. ఎండిపోకుండా ఉండటానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు.

వానలు మొదలయ్యేసరికి అడుగు మట్టలు పసుపెక్కాయి. భయమేసి ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే పేరు అగావె అని వచ్చింది. పైకి చదవబోతే నా నోట్లో తడబడి 'ఆగవే' అయింది. అటుగా పోతున్న అవ్వ టక్కున నిలబడింది.

"ఎవల్నిరా ఆగవే అంటున్నవ్? అవ్వతోని గట్లనేనా మాట్లాడుడు?"

"నిన్ను గాదవ్వా, చెట్టు పేరే అది."

"చెట్టు యాడికి ఉరుకుతున్నదని ఆగుమంటున్నవ్? నువ్వాగు. గా చెంబు కింద పెట్టు."

నేను ఆగలేదు. పసుపెక్కింది నీళ్ళు చాలకేమోనని ఇంకో చెంబు పోశాను.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు నుంచి వచ్చేసరికి కుండీ ఖాళీగా ఉంది. దిష్టికి కలబందను కట్టినట్టు, దర్వాజ పైన మొక్క తలకిందులుగా వేలాడుతోంది. వేర్లు పైకి, ముళ్ళు కిందికి. అడుగు వరస మట్టలన్నీ ఒలిచేసి ఉన్నాయి. బాపు కోసిన మట్ట కూడా లేదు.

"అదేదీ?" అన్నాను.

"కుళ్ళింది. తీసి పారేసిన."

"కలబందను కట్టినట్టు కట్టినవ్. ఇది కలబంద గాదవ్వా! బాపుది ఒక్క గుర్తుంటె అది గూడ ఉంచకపోతివి."

అవ్వ నా ముందు కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు మా మధ్య మాటలు అన్నం, కూర, నీళ్ళ వరకే. నేను గడప దాటేటప్పుడల్లా ముళ్ళకు తల వంచి వెళ్ళేవాణ్ని. తప్పు చేసినవాడు తల వంచినట్టే ఉండేది కానీ, తప్పెవరిదో నాకింకా తెలియదు.

ఒక ఆదివారం ఇక చచ్చే ఉంటుందని స్టూలు ఎక్కాను. వేర్లు ఎండి ముడుచుకున్నాయి. ఒలిచిన చోట ఎక్కడా చెమ్మ లేదు, గట్టిగా పెచ్చు కట్టింది. నడుమ మట్టలు మాత్రం రాయిలా బిగుసుకుని పచ్చగా ఉన్నాయి. నీళ్ళు ఆగాక కుళ్ళు కూడా ఆగింది. దారం విప్పబోతే అది దిష్టికి కట్టే నల్లదారం కాదు. నూగు నూగుగా, తెల్లగా ఉంది. నాలుగు వేళ్ళకో ముడి. ఆ ముడులు వేసే వేళ్ళు మా ఇంట్లో ఒక్కరికే ఉండేవి.

కిందినుంచి అవ్వ చూస్తోంది.

"మీ బాపు పేనిందే. పెట్టెల దాసుకున్న."

"ఇది కలబంద గాదని నీకు ఎర్కనా?"

"గుజ్జు రాన్నాడు నేను పక్కనే లేనా? మీ బాపు మట్ట కోసిండు గని చెట్టును సంపలే గద. నువ్వు సంపుతున్నవ్. నీ చెంబుకు అందకుంట కట్టిన."

"తప్పయింది అవ్వా," అన్నాను. ఇది మాత్రం తడబడకుండా వచ్చింది.

ఇద్దరం కూర్చుని మళ్ళీ నాటాం. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో అవ్వ వేలు పెట్టి చూసింది. విరిగిన గూనపెంకు ముక్కలు వేసి, మట్టికి రెండింతలు ఇసుక కలిపింది. వారం దాకా చుక్క నీరు పోయొద్దంది. ఆ తర్వాత కూడా వేలు దించితే లోపలంతా పొడిగా ఉన్నప్పుడే. వాన పడితే చూరు కిందికి, ఎండ వస్తే మళ్ళీ బయటికి.

మొన్న దాని పక్కన గోరంత పిలక మొలిచింది. సంబరం పట్టలేక చెంబు కోసం లోపలికి వెళ్ళాను. అంట్లు తోమే జాలారి దగ్గర చెంబు లేదు. వెతుక్కుంటూ వస్తే దర్వాజ పైన, అదే మేకుకు, అదే దారంతో, బోర్లా వేలాడుతోంది. మొక్కకు తగిలిన దిష్టి నేనేనట.

చెంబు నా చేతికి అందుతుంది. కానీ ఆ ముడి విప్పాలంటే బాపు దారం లాగాలి, లాగితే తెగుతుందేమో. అవ్వకు అదీ తెలుసు.