డ్రాగ్ స్ట్రిప్ మీద సోనా మసూరి

కారు ముందు చెవులకు వినపడి, ఆ తర్వాతే కళ్లకు కనపడే రోజులవి. ఇప్పటిలా పిల్లిలా వచ్చి పక్కన నిలబడేవి కావు. సిడ్నీలో మెకానికల్ మాస్టర్స్ ముగించి, తోటి తెలుగు పిల్లలంతా మెడలో ఐడీ కార్డులు వేసుకుని ఆఫీసులకు వెళ్తుంటే, నేను మాత్రం గోళ్ల సందుల్లో గ్రీజుతో ఒక పెర్ఫార్మెన్స్ షాపులో చేరాను. పాత అమెరికన్ మజిల్ కార్లను, అంటే రెండే తలుపులూ కొండంత ఇంజినూ ఉన్నవాటిని విప్పి, మార్చి, రేసుల్లో పరుగెత్తించే చోటు అది. ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ సమస్యకైనా ఇంకొంచెం హార్స్‌పవర్ కలిపితే చాలని. (వంటలోనూ అంతే. ఉప్పు తక్కువైతే కారం పెంచేదాన్ని.)

షాపు యజమానికి గడ్డం ఛాతీ దాకా ఉండేది కాబట్టి ఇంట్లో ఆయన గురించి చెప్పేటప్పుడు గడ్డం తాత అనేదాన్ని. ఏడాదిపాటు నాచేత సామాన్లు కడిగించి, చివరికి ఒక ఆకుపచ్చ కారును మొదటి నుంచి చివరి దాకా నన్నే తయారు చెయ్యమన్నాడు. "పావు మైలు పన్నెండు సెకన్ల లోపు దాటిందా, తర్వాతి కారు కూడా నీదే. దాటలేదా, కౌంటర్‌లో కూర్చుని ఫోన్లు తియ్యి. నీ గొంతు ఫోన్లో బావుంటుంది, మేట్" అన్నాడు. ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది. నాకు ఫోన్లు తియ్యాలని లేదు. కార్లు తయారు చెయ్యాలని ఉంది. అంతకంటే ఎక్కువగా దేన్నీ నేను అప్పటిదాకా కోరుకోలేదు.

నేను ఉండేది సిడ్నీ శివార్లలోని ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా బాబాయి వాళ్లింట్లో. బ్యాంకులో ఐటీ ఉద్యోగం చేసే బాబాయికి నా భవిష్యత్తు గురించి నాకంటే స్పష్టమైన అవగాహన ఉండేది. "చూడు బుజ్జీ, సాటర్‌డే దాకా నేనేం మాట్లాడను. నీ దున్నపోతు ఆ టైము కొట్టిందా, ఇంక లైఫ్‌లో నోరెత్తను. కొట్టలేదనుకో, మండే నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకెళ్లిపో. సీటు కూడా మాట్లాడేశాను" అన్నాడు. ఆ కారు ఇంటి ముందు ఆగినప్పుడు గిన్నెల స్టాండు గలగలమనేది కాబట్టి దానికి దున్నపోతు అని పేరు పెట్టింది ఆయనే.

ఆ శనివారం "ఆడపిల్లవి, ఆ గోలలో ఒక్కదానివే ఎందుకు" అని మడత కుర్చీ చంకన పెట్టుకుని తనూ బయల్దేరాడు. వీధి చివర తిరగక ముందే పిన్ని ఫోను. ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి ఆఫర్‌లో ఉందట, మధ్యాహ్నానికి అయిపోతుందట. రేసుకు వెళ్తూ బియ్యమేమిటి బాబాయ్ అంటే, "అన్నం మానేస్తామా ఏంటి?" అన్నాడు. రెండు బస్తాలు డిక్కీలో పడ్డాయి. అమెరికా కారు కదా, స్టీరింగు ఎడమ వైపు. బాబాయి కూర్చున్నది కుడి వైపు, ఈ దేశంలో డ్రైవరు ఉండాల్సిన చోట. అంత చప్పుడులోనూ చేతులు కట్టుకుని హాయిగా నిద్రపోయాడు. సిగ్నల్ దగ్గర పక్క కారులో ఒకావిడ నిద్రపోతున్న డ్రైవర్ని చూసి గావుకేకలు పెట్టింది. బాబాయి ఉలిక్కిపడి లేచి, తెలిసినావిడేమో అనుకుని నమస్కారం పెట్టాడు.

డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే పావు మైలు తిన్నని రేసు దారి దగ్గర, తనిఖీ గట్టిది. డిక్కీలో విడిగా స్పానరు ముక్క కూడా ఉండకూడదు. బస్తాలు దించి బాబాయి కుర్చీ పక్కన పెట్టి, కాపలా ఉండమన్నాను. ఊరికే కూర్చోవడం మన బాబాయిలకు చేతకాని పని. జేబులో పెన్ను తీసి రెండు బస్తాలకూ మూలన ఒక్కో చిల్లు పొడిచి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, పటపటా కొరికి, "పాత బియ్యమే బుజ్జీ! ముద్దవ్వదు!" అని హెల్మెట్ పెట్టుకుంటున్న నాకు వినపడేలా అరిచాడు.

మొదటి పరుగులో పచ్చ లైటు పడగానే తొక్కాను. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి, తెల్లని పొగ కమ్మేసి, అందులోంచి నేను బయటపడేసరికి పక్క లైనులోని కారు దాటిపోయింది. అదేమైనా రేసు కారా అంటే కాదు. వెనక అద్దం మీద 'బేబీ ఆన్ బోర్డ్' అని అంటించి ఉన్న ఫ్యామిలీ కారు. నేను వెంటనే ఇంజిన్‌కి కలిపిన ల్యాప్‌టాప్ తెరిచి, నా సిద్ధాంతం ప్రకారం ఇంజిన్ పవర్ ఇంకాస్త పెంచాను. రెండో పరుగులో పొగ కూడా ఇంకాస్త పెరిగింది, టైము మరీ దిగజారింది. మాకంటే ముందే వచ్చి కూర్చున్న గడ్డం తాత, "కౌంటర్‌కి మంచి కుర్చీ కొంటాలే" అని భుజం తట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగితే, పొగ వల్ల అన్నాను.

అంతలో మబ్బులు కమ్ముకొచ్చాయి. వాన చినుకు పడితే రేసులు బంద్, ఇదే ఆఖరి రౌండ్ అని మైకులో చెప్పారు. నేను టైర్ల గాలి గురించి గడ్డం తాతతో వాదిస్తుండగా, మబ్బుల్ని చూసిన బాబాయి తన కర్తవ్యం తాను చేశాడు. బియ్యం తడిస్తే పురుగు పడుతుంది కదా. రెండు బస్తాలూ ఎత్తి డిక్కీలో పెట్టేసి, మూత వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

మూడోసారి పచ్చ లైటు పడింది. తొక్కాను. ఈసారి పొగ లేదు. కారు వెనక భాగం నేలకు అణిగి, ముక్కు పైకి లేచి, నన్ను సీటుకు అతికించేసి దూసుకుపోయింది. అవతలి చివర బోర్డు మీద పదకొండు పాయింట్ తొమ్మిది. ఒక్కదాన్నే హెల్మెట్లో అరిచాను, ఏడ్చాను, అమ్మా అన్నాను. జీవితంలో అంత సంతోషం మళ్లీ ఎప్పుడు కలిగిందో చప్పున గుర్తు రావడం లేదు.

వెనక్కి వచ్చి చూస్తే, మొదలు గీత దగ్గర చీపుళ్లు పట్టుకుని జనం. డిక్కీ అడుగున నీళ్లు పోవడానికి ఒక కంత ఉంటుంది. దాని రబ్బరు మూత నేనే కడగడానికి తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయాను. ఆ కుదుపుకి బాబాయి పొడిచిన చిల్లులు చిరిగి, బియ్యం ఆ కంతలోంచి దారి పొడవునా ముగ్గు పెట్టినట్టు పోసుకుంటూ వచ్చింది. మైకులో "రైస్ కారణంగా ఆలస్యం" అని చెబుతుంటే జనం ఒకటే నవ్వు. ఒక అధికారి ఎర్రబడ్డ మొహంతో వచ్చి, "పెళ్లెవరిది?" అని అడిగాడు. వాళ్లు సగం ఊడ్చేలోపు ఎక్కడినుంచో తెల్ల కాకటూ చిలుకలు గుంపుగా దిగి విందు మొదలుపెట్టాయి. వాటిని తోలేలోపు వాన. డిక్కీలో సామానుతో పరుగెత్తాను కాబట్టి నా టైము చెల్లదన్నారు.

గడ్డం తాత డిక్కీ ఎత్తి, ఖాళీ అవుతున్న బస్తాలను చాలాసేపు చూశాడు. "రైస్, మేట్?" అన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "వెనక బరువు లేక చక్రాలు జారుతున్నాయి. మనిద్దరం ఇంజిన్‌తో కుస్తీ పడుతున్నాం!" అన్నాడు. కౌంటర్ ఊసు మళ్లీ ఎత్తలేదు. తర్వాతి వారం బరువు కోసం బ్యాటరీని డిక్కీలోకి మార్చి, పక్కనే ఇనప పలకలు బోల్టు వేసి బిగించాం. షాపులో వాటి పేరు 'అంకుల్ రైస్'.

కానీ ఆ సాయంత్రానికి నాకు తర్వాతి కారో, కౌంటరో ఇంకా తెలియదు కదా. తిరిగొస్తుంటే బాబాయి నిద్రపోలేదు. సోమవారం కోర్సు గురించే ఆలోచిస్తున్నాడనుకున్నాను. మా వీధి మలుపులో గొంతు సవరించుకుని, "ఆ కోర్సు సీటు క్యాన్సిల్ చేసేస్తాలే" అన్నాడు. టైము చెల్లలేదుగా బాబాయ్ అన్నాను. "అది వాళ్ల రూలు. నేను కళ్లారా చూశానుగా." గుమ్మంలో పిన్ని "బియ్యమేవండీ?" అని అడిగితే, చేతులు రెండూ పైకెత్తి "పదకొండు పాయింట్ తొమ్మిది!" అన్నాడు.

ఇప్పుడు నేను చేసేది ఎలక్ట్రిక్ కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. (అవును, టెస్టింగే. బాబాయి ప్రతి ఫంక్షన్‌లోనూ అందరికీ చెబుతాడు.) చక్రాలు జారకుండా పట్టుకునే ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం నా పని. ఆనాడు రెండు బస్తాలు చేసిన పనే అది. శనివారాల్లో చప్పుడు లేని మా కారు డిక్కీలో బియ్యం వేసుకుని వస్తుంటే, సిగ్నల్ దగ్గర నా కుడికాలు దానంతటదే బరువెక్కుతుంది. "అమ్మా, డోంట్" అంటుంది వెనక సీట్లోంచి మా అమ్మాయి. పచ్చ లైటు పడుతుంది. నేను బుద్ధిగానే కదులుతాను. డిక్కీ వైపు ఒక చెవి మాత్రం వేసి ఉంచుతాను.