రక్తం వచ్చిన కాలు

2022లో, ఎండలు ముదరకముందు సంగతి. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో అప్పటికే చాలా ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. మాది కోరుట్ల. పొద్దున బస్సెక్కి రావడం, సాయంత్రం దాకా కాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టడం, ఇదే నా ఉద్యోగం. వాసనకు అలవాటు పడ్డాను, చీముకు అలవాటు పడ్డాను. మానాల్సిన పుండు మానకుండా పోతే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మల్లేశం గౌడ్ కాలు తలుచుకుంటే మరీనూ.

మల్లేశం మల్యాల దగ్గరి ఊరివాడు. తాటిచెట్లెక్కి కల్లు తీసే మనిషి. యాభై దాటాయి, షుగర్ ఉంది, బీడీ అలవాటు ఉంది. ఎడమ కాలి చిటికెన వేలి మొదట్లో లేచిన చిన్న పుండు నెలలు గడిచినా మానలేదు. మోకాలి కింద రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. కరీంనగర్‌లో యాంజియోప్లాస్టీ చేశారు. తొడ మొదట్లోంచి సన్నటి తీగ పంపి, మూసుకున్న చోట బెలూన్ ఉబ్బించి దారి తెరవడమన్నమాట. ఆ తర్వాత కట్ల కోసం మా దగ్గరికి పంపారు.

నాళం తెరిచారు కదా, ఇక పుండు మానినట్టే అనుకుంటారు చాలామంది. అది తొందరపాటు. తెరిచిన దారిలో రక్తం వేలి చివరిదాకా చేరుతోందా అన్నది చూడాలి. షుగర్ ఉన్నవాళ్లకు చీలమండ దగ్గర బీపీ చూస్తే ఒక్కోసారి మోసపోతాం. నాళాల గోడలు గట్టిపడి లేని బలం చూపిస్తాయి. అందుకని కాలి వేలికే చిన్న పట్టీ చుట్టి చూస్తాం. దాన్ని టో ప్రెషర్ అంటారు. ఇక వారం వారం పుండును కొలుస్తాం. మొదటి నెలలో అది సగానికి తగ్గిందంటే మిగతాది కూడా మానుతుందని చాలావరకు ధైర్యం చెప్పొచ్చు.

మల్లేశానికి టో ప్రెషర్ బాగా వచ్చింది. చల్లగా ఉండే పాదం వెచ్చబడింది. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ పట్టింది. దాన్ని మేము గ్రాన్యులేషన్ అంటాం. అది కనిపించిన రోజు నాకు అన్నం సహిస్తుంది.

"ఏలు తీసేస్తరా సిస్టరమ్మా?" అని వచ్చిన ప్రతిసారీ అడిగేవాడు.

"తీసుడేం లేదు అన్నా. రక్తం మంచిగ అస్తుంది. కాలు మీద బరువెయ్యకు, తడవనియ్యకు. చెట్టు మాట మర్చిపో. మానుతది."

"చెట్టు గీయకపోతే గెల ఎండిపోతది సిస్టరమ్మా. మళ్ల కల్లు పై ఏటికే."

"వేరేటోళ్లు గీస్తరు. నీ కాలు వేరేటోళ్లు ఇయ్యరు గదా!"

పక్కనున్న భార్య రాజవ్వ తలూపింది.

నెల తిరిగేసరికి పుండు సగం కంటే చిన్నదైంది. డాక్టరుగారు కూడా చూసి సంతోషపడ్డారు. సరిగ్గా ఆ తర్వాతి వారం నుంచే అంతా తలకిందులైంది. పుండు తగ్గడం ఆగింది. ఎర్రటి కండ బూడిద రంగుకు తిరిగింది. అంచుల చుట్టూ చర్మం గంటల తరబడి నీళ్లలో నానినట్టు తెల్లగా ఉబ్బింది. నాళం మళ్లీ మూసుకుందేమోనని డాక్టరుగారు డాప్లర్ స్కాన్ తీయించారు. దారి తెరిచే ఉంది. రక్తం పారుతూనే ఉంది. మరి ఈ కాలికి ఏం రోగం వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

కట్టు విప్పి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టించాను. రెండింటి మీదా అడ్డంగా తాడు ఒరుసుకున్న తాజా గీత ఉంది. చెట్టెక్కేటప్పుడు రెండు కాళ్లనూ కలిపి బంధం వేసుకుంటారు. ఆ బంధం గుర్తు అది.

"అక్కా, నిజం జెప్పు. ఎక్కుతుండా?" అని రాజవ్వనే అడిగాను.

ఆమె మొగుడి వైపు చూసి, కళ్లు దించుకుంది. "ఎక్కుతుండు సిస్టరమ్మా. కట్టు మీద పాలితీన్ కవర్ గట్టుకోని ఎక్కుతుండు. కట్టు కరాబ్ కావద్దని."

కట్టు పాడుకాకూడదట! గాలాడని కవరు బిగించి, దాని మీద తాడు వేసి, తాడి చెట్టంత ఎత్తు ఎక్కి దిగుతున్నాడు. లోపల చెమటకు పుండు నానిపోతోంది. పైన తాడు కొత్త కండను నలిపేస్తోంది. మల్లేశం వైపు తిరిగాను.

"నీకెవలు జెప్పిన్రే గీ తెలివి?"

చెప్పింది కనకయ్య అట. వాళ్ల ఊరి గౌడ సంఘంలో పెద్దమనిషి. ఆ వారంలోనే బత్తాయిలు పట్టుకుని కట్టుకొచ్చిన మల్లేశం వెంట మా ఆసుపత్రికే వచ్చాడు. నేను కారిడార్‌లోనే నిలదీశాను.

"ఆయన చెట్లు నెల రెండు నెలలు వేరేటోళ్లు ఎక్కరాదా?"

"చెయ్యి మారితే చెట్టు కల్లు పారది సిస్టరమ్మా," అన్నాడు ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మల్లేశం చేతికి అలవాటు పడ్డ చెట్లు. రోజు వాడికగ కల్లు తాగెటోళ్లు గూడ ఆ చెట్టు కల్లే గావాలంటరు. పొద్దుగాల ఒక్కపారి ఎక్కి దిగుతె ఏమైతది?"

"ఏమైతదో నేను జెప్తున్న ఇను. కాలు పోతది."

"గట్లనకమ్మా, పుణ్యముంటది," అని బత్తాయిలు నా చేతిలో పెట్టబోయాడు. నేను తీసుకోలేదు. చెట్టుకు చెయ్యి మారొద్దట, మనిషికి కాలు పోవచ్చట! ఇంత దారుణమైన మాటను అంత నెమ్మదిగా ఎలా అంటారో నాకు ఈనాటికీ తెలియదు.

మల్లేశం ఎక్కడం మానలేదు, చీము ఎముకదాకా పోయింది. చివరికి చిటికెన వేలు, దాని పక్క వేలు, వాటి వెనకున్న పాదం ఎముకలతో సహా తీసేశారు. రక్తం చక్కగా పారుతున్న కాలు! కోసినచోట ఎర్రగా, ఆరోగ్యంగా రక్తం కారింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. కోత గాయం నేను చెప్పినట్టే త్వరగా మానింది, ఎందుకంటే ఇప్పుడు ఎక్కడానికి కాలికి పట్టు లేదు.

ఆపరేషన్ తర్వాత ఒకరోజు కట్టు మారుస్తుంటే అడిగాను, "అక్కా, చెట్లేమైనయి?"

"కనకయ్య అల్లుడు ఎక్కుతుండు," అంది రాజవ్వ.

"మరి పారుతున్నయా?"

ఆమె చేతిలో ఉన్న కొంగు మడతపెట్టింది. "పారుతున్నయి సిస్టరమ్మా. మంచిగనే పారుతున్నయి."

మల్లేశం గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. నేను కట్టు ముగించి చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కొళాయి కింద చాలాసేపు నిలబడ్డాను. కోపం మాత్రం పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు.

టో ప్రెషర్ అబద్ధం చెప్పలేదు, స్కాన్ అబద్ధం చెప్పలేదు. అవి కాలికి ఉన్న సత్తువ చెప్పాయి. ఆ కాలి చేత ఎవరెవరు పని చేయించుకుంటారో చెప్పే యంత్రం మా దగ్గర లేదు. అందుకే అప్పటినుంచి పుండు మానుతుందని ఎవరికైనా చెప్పేముందు ఒకటే ప్రశ్న అడుగుతున్నాను.

మొన్న సిరిసిల్ల నుంచి ఒకతను వచ్చాడు. మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచాల మీద, రోజంతా నిలబడి పనిచేసేవాడు. అదే జబ్బు, అదే బెలూన్ చికిత్స, మడమ మీద పుండు. టో ప్రెషర్ బాగుంది.

"మంచిగైతది గదా సిస్టరమ్మా?" అన్నాడు ఆశగా.

"నీ సాంచాలు ఎవలు నడుపుతరు?"

"మా సాంచాల ఆసామి ఊకోడు. జర నిలవడుకుంట జూసుకొమ్మన్నడు."

"ఫోన్ గలుపు. నాకియ్యి."

"ఆసామితోని మాట్లాడుడు గూడ మీ పనేనా సిస్టరమ్మా?"

"గదే మొదటి పని," అన్నాను. "ముందుగాల ఫోన్ గలుపు. అప్పటిదాక నేను కట్టు విప్పను."