సబ్బు తగిలిన గొంగడి

మంచం మీద కొత్త బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన ఇంకా కవరు విప్పని చిన్న గుడారం, నుదుటికి కట్టుకునే లైటు, ఊదితే ఉబ్బే దిండు, ఒక విజిలు, నైలాను తాడు, నీళ్లు వడగట్టే గొట్టం. హాస్టలు గదంతా కొత్త రబ్బరు వాసన. మా ఆఫీసులో పనిచేసే మేఘన పంపిన జాబితాను ఫోనులో తెరిచి ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతున్నాను. రేపు పొద్దున రెండు జీపుల్లో ఎనిమిది మందిమి అమ్రాబాదు అడవి దిక్కు పోయి, రోడ్డు అయిపోయినంక కూడా ఇంకా లోపలికి పోయి, రెండు దినాలు అక్కడే ఉండి వస్తాము. జాబితాలో వానకు తడవని జాకెట్టు కూడా ఉంది. అది నేను కొనలేదు. అలమార పైఅరలోంచి పాత చీరలో చుట్టిన మూటను దించి విప్పితే, ఆ రబ్బరు వాసనను తోసుకుంటూ గొర్రె ఉన్ని వాసన, పొగ వాసన, చింతగింజల గంజి వాసన ఒక్కసారే లేచాయి. అది మా బాపు గొంగడి.

మాది మహబూబ్‌నగర్ నుంచి బస్సులో గంటన్నర దూరం ఉండే ఊరు. కురుమలం, గొర్లే మా బతుకు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే మా దిక్కు గట్లన్నీ ఎర్రగా ఎండి, బావుల్లో నీళ్లు అడుగంటి, గొర్లు మూతులు నేలకు రాసుకుంటూ తిరిగేవి. అప్పుడు బాపూ చిన్నాయనా మందను తోలుకుని హాలియా దిక్కు, సాగర్ కాల్వ పారే ఊళ్లకు పోయేవాళ్లు. పది పన్నెండు దినాల నడక. అక్కడ పత్తి తీసేసిన చేలు, కాల్వ కట్టల మీద పచ్చిక, ఆ తరువాత వరికోతలైన పొలాలు, వాటి మీద మేపుకుంటూ మళ్లీ తొలకరికి గాని ఇల్లు చేరేవాళ్లు కాదు. ఆ మూడు నెలలు వాళ్లకు కప్పు లేదు, గోడ లేదు. ఏ రైతు చేనులో మంద పడుకుంటే ఆ చేనే ఇల్లు, కాబట్టి పోయేముందు మూటలో ఏది మరిచిపోతే దాన్ని మూడు నెలలు మరిచిపోవాల్సిందే.

మూట సర్దడం ఆడవాళ్ల పని, అందులో పెత్తనం అవ్వది, అంటే బాపును కన్నతల్లిది. పోయే దినానికి వారం ముందే ఇంట్లో ఆ సందడి మొదలయ్యేది. జొన్నలు విసిరిన పిండి, పొట్టు తీయని పల్లీల కారం, ఉప్పు కలిపి ముద్ద చేసిన చింతపండు, ఎండబెట్టిన వంకాయ ముక్కలు, నువ్వులు, బెల్లం, ఇవన్నీ వరండాలో చాటల్లో ఆరుతూ ఉంటే ఇల్లంతా పండుగ వాసన వచ్చేది గాని, అది తినే పండుగ కాదు, వాసన చూసే పండుగ, చెయ్యి పెడితే అవ్వ వేళ్ల మీద గరిటెతో కొట్టేది. గొర్రె కాలికి ముల్లు విరిగితే తీయడానికి దబ్బనం, పుండుకు పసుపూ వేపనూనే, కొమ్మలు వంచి ఆకు కోయడానికి పొడుగు కర్రకు కట్టిన కొడవలి, రాత్రి మంద చుట్టూ కట్టే వల, రెండు సత్తు గిన్నెలు, ఒక టార్చి, మూడు ప్లాస్టిక్ కవర్లలో ఒకదాని మీద ఒకటి చుట్టిన అగ్గిపెట్టెలు. అన్నీ లెక్క ప్రకారం పోవాలి. "ముందు కావాల్సింది మీద ఉండాలె, ఎనక కావాల్సింది అడుగున ఉండాలె, వాన మీదికొచ్చినంక మూట విప్పుకుంట కూసుంటరా?" అనేది. ఆ లెక్కన అన్నిటికన్నా పైన గొంగడి ఉండేది.

గొంగడి గురించి తెలియని వాళ్లు అది దుప్పటి అనుకుంటారు. మా గొర్ల ఉన్నితోనే, మా చుట్టమొకాయన గుంటమగ్గం మీద నేసేవాడు. ఆ ఉన్ని దారానికి చింతగింజలు ఉడికించి నూరిన గంజి పట్టిస్తే అట్ట లాగ బిర్రుగా నిలబడేది. ఒక కొస మడిచి తల మీద గూడు చేసుకుంటే, దాన్ని కొప్పెర అంటారు, ఎంత వాన కొట్టినా నీళ్లు పైనుంచే జారిపోయేవి. ఎండలో కప్పుకుంటే చల్లగా, చలిలో వెచ్చగా ఉండేది. గొంగడిని ఎండలో పరిచి కర్రతో దులుపుతారు, అంతేగాని నీళ్లలో వేసి ఉతకరు. ఉతకరు అన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. అన్నం చెవితో తినొద్దు అని ఎవరైనా చెప్తారా?

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, అంటే రాష్ట్రం వచ్చి నాలుగేండ్లు కావస్తుండగా, బాపు ఒక దినం మా బడికి వచ్చాడు. స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కావాలంటే మంద దగ్గర నుంచి అట్లనే, భుజాన గొంగడితో వచ్చాడు. నా పక్కన నిలబడి, నాలుక కొద్దిగా బయటపెట్టి, పేరులోని మూడక్షరాలు దిద్దినట్టు రాశాడు. గొంగడి వాసన గదంతా పరుచుకుంది. నా పక్క బెంచీలో కూర్చునే శ్రావణి లేచిపోయి కిటికీ రెక్క తెరిచింది, అంతే. నా చెవులు కాలిపోయాయి. బాపు పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెడితే వంగి తప్పించుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది, ఆ సిగ్గు శ్రావణి గురించి కాదు.

ఆ నెలలోనే మా మేనత్త కాన్పుకని అమ్మ మహబూబ్‌నగర్ దవాఖానలో పడి ఉంది. అవ్వ కండ్లకు పొరలు వచ్చి దారమెక్కించలేని స్థితి. అందుకని ఆ ఏడు మూట సర్దే పని నాకు దక్కింది, అవ్వ పక్కన కూర్చుని చెప్పడం, నేను పెట్టడం. పోయేందుకు ఇంకా మూడు దినాలుందనగా, అవ్వ పక్కూరికి చుట్టాలింటికి పోయిన పూట, నాకొక గొప్ప ఆలోచన తోచింది. కాల్వ దిక్కు ఊళ్లలోకి పోతాడు కదా, మా బాపును చూసి అక్కడ ఎవరూ కిటికీ తెరవొద్దు అనుకున్నాను. మూటకని బాపు ఇంట్లో పెట్టిపోయిన గొంగడిని బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో నానబెట్టి, రెండు ప్యాకెట్ల సబ్బుపొడి పోసి, చాలదేమోనని మూడు షాంపూలు కూడా చించి పోసి, లంగా ఎగజెక్కి తొట్టిలోకి దిగి తొక్కాను. నల్లటి నీళ్లు, ఆ తరువాత పచ్చటి నీళ్లు, చివరికి తెల్లటి నురగ పోయింది. తడిసిన గొంగడి దూడంత బరువు. దాన్ని ఈడ్చుకుపోయి ఊరవతలి బండ మీద రెండు దినాలు ఆరబెడితే, మెత్తగా, కుచ్చులు కుచ్చులుగా, మల్లెపూల వాసనతో తేలింది. నాకు ఎంత మురిపెమో! చుట్టచుట్టి, తాడు కట్టి, అవ్వ చెప్పినట్టే అన్నిటికన్నా పైన పెట్టాను. అవ్వ తడిమి చూసి, బాగనే సదిరినవు అంది. ముప్పై ఏండ్ల నశ్యానికి అవ్వ ముక్కు ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది.

పోయే దినం తెల్లవారుతుండగానే చిన్నాయన మందను ఊరు దాటించాడు. మూటల మీద మా కులదేవుడు బీరప్ప బండారి పసుపు చల్లి, అవ్వ కొడుక్కు బొట్టుపెట్టింది. బాపు గొంగడి మూటను గాడిద మీదికి ఎత్తుతూ ఒక్క క్షణం ఆగాడు. తాడు బిగుతు చూసుకుంటున్నాడు అనుకున్నాను. నా దిక్కు చూసి, "నువ్వే సదిరినవా బిడ్డా?" అన్నాడు. నేనే అన్నాను, గొప్పగా. మంచిగ సదిరినవు అని గాడిద మీద చరిచి పోయాడు.

ఉగాదికి ముందర ఒక సాయంత్రం హాలియా దిక్కు వడగండ్ల వాన పడింది. మా ఊళ్లో ఉత్త గాలే. మర్నాడు మధ్యాహ్నం చిన్నాయన ఫోను చేసి, అన్న దవాఖానలో ఉన్నాడు, జర నిమ్ము చేసింది, ఫికర్ పడకుండ్రి అన్నాడు. ఫికర్ పడకుండ్రి అంటే పడాల్సినదేనని మాకు తెలుసు. వారం తరువాత, మందను తోటి కాపరులకు అప్పజెప్పి, బాపును బస్సులో ఇంటికి పట్టుకొచ్చాడు. బాపు దవడలు లోపలికి పోయాయి, నాలుగడుగులు వేస్తే దగ్గు. గోడకు ఆనుకుని కూర్చున్నాక సంగతంతా చిన్నాయనే చెప్పాడు. చెట్టు కూడా లేని పత్తిచేనులో వాన పట్టుకుంది. వడగండ్లు పడితే కాపరి గొంగడి కప్పుకుని కూర్చుంటాడు, పుట్టి దినమో రెండు దినాలో అయిన గొర్రెపిల్లల్ని దాని కిందికి లాక్కుంటాడు, తల్లులు ఆ గొంగడి వాసన పట్టుకుని చుట్టూ మూగుతాయి, అట్ల ఒకదానికొకటి గోడ అవుతాయి. ఆ దినం గొంగడి నిమిషంలో నీళ్లు తాగి బాపు మీద పలకబండ లాగ పడింది. కింద పిల్లలు నానిపోయాయి. చుట్టూ మూగాల్సిన గొర్లు మూగలేదు, చెల్లాచెదురై కాల్వ దిక్కు ఉరికాయి. పదకొండు పిల్లలు చచ్చిపోయాయి. బాపు రాత్రి తెల్లవార్లూ ఆ తడి గొంగడిలోనే మిగిలినవాటిని పొట్టకు పెట్టుకుని కూర్చున్నాడు.

గొంగడి నీళ్లు తాగుడేందిరా, అని అవ్వ అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను పొయ్యి దగ్గరికి జరిగాను. చిన్నాయన నేల చూపులు చూశాడు. బాపు దగ్గు ఆపుకుని, "కాల్వల జారి పడ్డదే అవ్వా. అంత బురదైతే, గట్టు మీద బట్టలుతికేటోళ్లకు ఇచ్చి సబ్బు పెట్టిచ్చిన" అన్నాడు.

అవ్వ ముందు నమ్మలేదు, తరువాత నెత్తి కొట్టుకుంది. మందలో పుట్టి మందలో పెరిగినోడివి, గొంగడికి సబ్బు పెట్టిస్తావా, నీ బుద్ధి ఏ గడ్డి మేసిందిరా అని ఆ పూట మొదలుపెట్టి, ఎండాకాలమంతా తిట్టింది. అన్నం పెడుతూ తిట్టేది, కషాయం కాస్తూ తిట్టేది, ఇంటికొచ్చిన వాళ్లందరికీ కొడుకు తెలివి గురించి కథలాగ చెప్పేది. చిన్నాయన నోట విన్న ఆ పదకొండు పిల్లల రంగులూ మచ్చలూ ఒక్కొక్కటే చెప్పి ఏడ్చేది. బాపు విని ఊరుకునేవాడు. నేను బాపు చెప్పిన కాల్వ మాటను గట్టిగా పట్టుకున్నాను. నేను ఉతికితే ఉతికి ఉండొచ్చు, కాల్వలో పడ్డది కదా, ఎవరో మళ్లీ ఉతికారు కదా, అయితే తప్పు వాళ్లది. నిజం కావాలని ఎంత గట్టిగా అనుకున్నానంటే కొన్నాళ్లకు అది నాకు నిజమే అయిపోయింది. అయినా రాత్రిపూట బాపు దగ్గినప్పుడల్లా, రేపు పొద్దున అవ్వతో చెప్తా అనుకునేదాన్ని. రేపు రేపు అంటూ బడికి పోయేదాన్ని. ఎంత పిరికిదాన్నో.

నిమ్ము తగ్గింది గాని బాపు ఊపిరితిత్తుల్లో ఏదో మిగిలిపోయింది. మరుసటి ఏడు హాలియా దాకా నడవలేకపోయాడు. సగం మంద చిన్నాయనకు పోయింది, సగం అమ్ముడుపోయింది. బాపు ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ప్లాట్లు చేసిన వెంచరు గేటు దగ్గర కాపలా ఉంటాడు, కుర్చీలో కూర్చునే కొలువు. చిన్నాయన మందను ఇప్పుడు డీసీఎం వ్యానులో ఎక్కించి ఒక్క రాత్రిలో కాల్వ దిక్కు దించుతాడు. ఆ పది దినాల దారిలో ఎక్కడికక్కడ కంచెలు పడ్డాయి, గాడిదలు లేవు, ఎండు వంకాయలు చేసే ఓపిక ఎవరికీ లేదు. గొంగడి నేసిన మా చుట్టం మగ్గం గుంటను పూడ్చి, దాని మీద కొడుకు బైకు పెట్టుకుంటున్నాడు. ఆ గొంగడికి మాత్రం బాపు తనే చింతగింజలు నూరి మళ్లీ గంజి పట్టించాడు, చిన్నాయన మందలో నెలల తరబడి పరిచి ఉంచి వాసన మళ్లీ పట్టించాడు. నేను డిగ్రీకి హైదరాబాదు వచ్చేటప్పుడు, చలికి పనికొస్తది అని ఇచ్చాడు. అవ్వ పోయి రెండేండ్లవుతోంది. పోయే వారం ముందు కూడా ఎవరితోనో, నా కొడుకు మంచోడే గాని తెలివి తక్కువ అని చెప్పింది.

ఇందాక బాపు ఫోను చేశాడు. అడవికి పోతున్నానని అమ్మ చెప్పిందట. అగ్గిపెట్టె కవర్ల చుట్టినవా, ఉప్పు పెట్టుకున్నవా, పసుపు పెట్టుకున్నవా అని ఒక్కొక్కటే అడిగాడు. మేఘన జాబితాలో ఉప్పూ పసుపూ లేవు, ఉన్నాయని అన్నాను. మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు.

"గొంగడి?"

"పెట్టుకుంటున్న బాపూ."

వెనక లారీ పోయిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత నవ్వు గొంతుతో, ఎప్పుడూ అనే మాటే అన్నంత తేలికగా అన్నాడు:

"ఈసారి ఉతకకు బిడ్డా."

గాడిద పక్కన బాపు ఆగిన ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది. మూట ముక్కుకు దగ్గరగా ఉన్న క్షణం అది. అక్కడే దించేసి ఉంటే సరిపోయేది, అవ్వ నాలుగు తిట్లు నన్ను తిట్టి ఊరుకునేది. ఉతకను బాపూ, అన్నాను చివరికి. సరే పైలంగ పోయిరా అని పెట్టేశాడు.

గొంగడిని మడిచి, అన్నిటికన్నా పైన పెట్టి, బ్యాగు మూతి కట్టాను. బాపుకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. చెప్పాల్సింది అవ్వకు, నీ కొడుకు తెలివి తక్కువోడు కాదే అని. అది చెప్పుకునేందుకు అవ్వ లేదు.