పల్లినూనె కాదు, పెద్దమ్మా!

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అన్యాయం వీధి చివర జరిగినా నాకే జరిగినట్టు రగిలిపోయేవాణ్ణి. అలాంటిది, నా చేతి వంటకే అన్యాయం జరిగితే ఊరుకుంటానా? ఆత్మకూరులో పెళ్లికాని వాడికి గది దొరకడమే గొప్ప. మా ఓనరమ్మ (నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆమెకు మాత్రం నేను చివరిదాకా పిలగాణ్ణే) మాంసం వండొద్దని, స్నేహితులు రావొద్దని షరతులు పెట్టి మేడ మీద గది ఇచ్చింది. ఓవెన్ సంగతి ఆమెకు తట్టలేదు. చిన్నది ఒకటి కొనుక్కొచ్చాను.

ఫోన్‌లో చూసిన మిరియాల చెక్కలు చేయాలని నా పట్టుదల. మొదటి వాయి రాళ్లలా వచ్చింది, రెండోది బొగ్గయింది. ఓ ఆదివారం గోధుమపిండిలో కాస్త బియ్యప్పిండి, వెన్న, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, కరివేపాకు వేసి గట్టిగా కలిపి, పలచగా ఒత్తి, పూరీల్లా పొంగకుండా ఫోర్కుతో పొడిచి, ఓవెన్ ముందు కాపలా కూర్చున్నాను. ఈసారి వాసనకే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది.

"నూనె లేకుంట చెక్కలేంది పిలగా? దవాఖానల రోగులకు పెడ్తరా ఏంది గివి?" అంటూనే ఒకటి నోట్లో వేసుకుంది. కరకరమంది. ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగినా ఇంకోటి తీసుకుంది. ఆ తర్వాత డబ్బానే తీసుకుంది. "వీపనగండ్ల నుంచి మా వియ్యపురాలు వచ్చింది. జర కిందికి తీస్కపోత."

కాసేపటికి నీళ్ల క్యాన్ ఎత్తిపెట్టమని పిలిస్తే కిందికి వెళ్లాను. వియ్యపురాలు నములుతూ, "ఎట్ల చేసినవ్ వదినె? చేతికి నూనె అంటుతనే లేదు" అంటోంది. మా ఓనరమ్మ కళ్లార్పకుండా, "ఏముంది వదినె, మంచి పల్లినూనె, సన్నమంట. ఓపిక ఉండాలె గంతే" అంది. పేరు కొట్టేసినా భరించేవాణ్ణేమో. కానీ పల్లినూనె! నా చెక్కలకు!

"అవి నూనెలో వేయించినవి కావు పెద్దమ్మా! ఓవెన్‌లో కాల్చినవి! నేను చేసినవి!" క్యాన్ ఎత్తి పట్టుకునే అరిచాను. వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది (నవ్వుకే). ఓనరమ్మ ముఖం ఎర్రబడింది. "పిలగాడు మిషిన్ తెచ్చిండులే వదినె. బటన్ ఒత్తుతె అదే చేస్తది" అని అక్కడికక్కడే నా పేరు తుడిచేసింది. సాయంత్రం మెట్ల మీద ఆపి, "వేరే రూమ్ సూస్కో" అంది.

సామాను సర్దుతుండగా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నెలలు నిండుతున్న ఆమె కోడలు పుట్టింట్లో ఉంది. వాళ్లమ్మ, అంటే ఆ వియ్యపురాలే, తీసుకెళ్లిన చెక్కలు తిని, ఇంకా కావాలని ఫోన్ చేసిందట. "ఖాళీ చేసుడు మల్ల సూద్దాం. నా కోసం కాదు, నా కోడలి కోసం చెయ్యి." మండిపడుతూనే పిండి కలిపాను (అంత కోపంతో కలిపినందుకేమో, ఎన్నడూ అంత బాగా రాలేదు).

కొద్దిరోజులకు ఫోన్ మోగింది. ఎప్పుడూ వినని గొంతు. "అన్నా, మా అత్తమ్మ మిషిన్ చేసిందంటుంది. ఉప్పు సరిపోయిందో లేదో సూసుడు మిషిన్‌కు తెలుస్తదా? నువ్వే చేసినవని నాకెర్కే." కృతజ్ఞతతో ఇంకో డబ్బా పంపుతానన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో చెక్కలు పళ్లెంలో పెడితే ఎవరు చేశారని ఎవరూ అడగరు. నేనూ చెప్పను. పక్క గదిలో కూర్చుని ఆ కరకర వింటుంటే, క్యాన్ ఎత్తుకుని న్యాయం కోసం అరిచిన ఆ పిలగాణ్ణి ఒక్కసారి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వేడివేడిగా ఒకటి చేతిలో పెట్టాలనిపిస్తుంది.