అక్క అనని మాట

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నల్గొండ పల్లె నుంచి వచ్చి అప్పటికి మూడేళ్ళయింది. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న లారీల షెడ్డులో మెకానిక్, అమ్మ బట్టలు కుట్టే చోట పనిచేసేది. తాతయ్య పోయాక మా నాయనమ్మ మనసు కుదురు తప్పింది. ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. కంటి మీద కునుకు ఉండేది కాదు. దవాఖానలో డాక్టరు ఒక చిన్న తెల్ల మాత్ర రాసి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కటే వేయాలని గట్టిగా చెప్పాడు.

ఆ మాత్ర ఇచ్చే పని పక్క గదిలో కిరాయికుండే అక్క తీసుకుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నర్సు చదువు చదువుతుండేది. ఒంటిగంటకు క్లాసుల నుంచి రాగానే నాయనమ్మకు మాత్ర మింగించి, ఆమె పడుకునేదాకా పక్కనే కూర్చుని కాళ్ళు ఒత్తేది. ఎవరూ అడగకుండానే చేసేది.

ఆ రోజు బడి లేదు. అక్క మాత్ర ఇచ్చి తన గదికి వెళ్ళిపోయింది. నేను వాకిట్లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళకు గీతలు గీస్తున్నాను. సాయంత్రం అమ్మ వచ్చి ఎంత లేపినా నాయనమ్మ లేవలేదు. నాన్న ఆటో తీసుకొచ్చి దవాఖానకు తీసుకెళ్ళాడు. మందు ఎక్కువైందని డాక్టరు చెప్పాడట. మాత్రల అట్టలో ఒకటి తక్కువుందని అమ్మ చూసింది.

నాన్న ఇంటికి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన్ని అంత పరేషాన్‌గా నేనెప్పుడూ చూడలేదు.

"అక్క మల్ల ఒచ్చి ఇంకోటి ఇచ్చిందా బిడ్డా? నువ్వు ఈడనే ఉన్నవ్ గదా, చూసినవ్ గదా?"

నేను తలూపాను. ఆయన మళ్ళీ అడిగాడు. "ఇచ్చింది" అన్నాను. అమ్మ అడిగితే తెల్ల చీరలో వచ్చిందన్నాను. ఇంటి యజమానురాలు అడిగితే చేతిలో స్టీలు గ్లాసు ఉందన్నాను. ఇంకెవరో అడిగేసరికి అక్క గడప దాటి రావడం, నాయనమ్మ తల ఎత్తి పట్టుకోవడం నా కళ్ళ ముందు సినిమాలా కనిపిస్తోంది. అక్క ఏడుస్తూ "నేను ఒక్కటే ఇచ్చానండీ" అంటుంటే, అబద్ధం ఎందుకు చెబుతోందా అని నాకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున నాయనమ్మ కళ్ళు తెరిచి చాయ్ అడిగింది. కానీ ఏం జరిగిందో ఆమెకు ఏమీ గుర్తులేదు. యజమానురాలు అక్కను గది ఖాళీ చేయమంది.

ఆదివారం పొద్దున అక్క పెట్టె సర్దుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ నన్ను లోపలికి పిలిచింది. తిడుతుందేమోనని భయపడ్డాను. ఆమె ఒక కాగితం మడిచి నా గుప్పిట్లో పెట్టింది.

"దీంట్లో ఉన్న మాటలు చెబుతాను, విను. తర్వాత అడుగుతాను."

మంచం, దిండు, దుప్పటి, ఆవలింత, గురక, కల, జోలపాట, చాప, మెలకువ. నెమ్మదిగా చదివినట్టు చెప్పింది. నా చదువు గురించి కాసేపు మాట్లాడి, అప్పుడు అడిగింది.

"దిండు అన్నానా?"

"అన్నవ్."

"కుర్చీ అన్నానా?"

"అనలే."

"నిద్ర అన్నానా?"

"అన్నవ్. నేను ఇన్న."

"ఒట్టు?"

ఒట్టు పెట్టాను. కాగితం విప్పమంది. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. నిద్ర లేదు.

"మా క్లాసులో మేడం ఇలాగే అడిగితే నేనూ ఉందనే అన్నాను. అన్నీ దాని చుట్టూ తిరిగే మాటలే కదా, లేనిదాన్ని మనసే తెచ్చి పెట్టుకుంటుంది. నువ్వు కావాలని అన్నావని నేను అనుకోవట్లేదు, అమ్మా. అది చెబుదామనే పిలిచాను."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ కాగితం పట్టుకుని మా గదికి వచ్చాను. నాయనమ్మ మంచం పక్కన కూర్చుంటే ఆ మధ్యాహ్నం మెల్లగా తిరిగి వచ్చింది. "ఇంకా మందెయ్యలేదు బిడ్డా" అని నాయనమ్మ పిలవడం. ఆట ఆగిపోయిందని నాకు చిరాకు. సుద్దముక్క పొడి అంటిన వేళ్ళతో అట్టలోంచి మాత్ర నొక్కి తీసి, ఆమె అరచేతిలో వేసి పరుగెత్తడం. అలమరలోంచి మాత్రల అట్ట తీసి చూశాను. ఒక అంచున తెల్లగా నా వేలిముద్ర ఇంకా ఉంది.

ఎంత మరిచిపోయానో, ఎంత మరిచిపోవాలనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. నాన్న మొదటిసారి అడిగినప్పుడు సుద్ద అంటిన వేళ్ళు వెనక్కి దాచుకున్నాను. అది మాత్రం నిజం.

ఏడుస్తూ నాన్నకు చెప్పాను. ఆయన కొట్టలేదు. చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని అక్క దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికే పెట్టె రిక్షాలో ఉంది.

"తప్పు నాది బిడ్డా. పోరి నోట్లె ఆ మాట నేనే పెట్టిన. నువ్వు పోవద్దు. అందరికీ నేనే చెప్త."

"చెప్పండి బాబాయ్ గారూ, చాలు. కానీ ఉండలేను. నిన్న వార్డులో ఒక ముసలమ్మకి మాత్ర ఇవ్వబోతూ ఆగిపోయాను. రెండు మూడుసార్లు చీటీ చూసుకున్నాను."

ఆమె ఎల్బీనగర్ వైపు ఏదో హాస్టలుకు వెళ్ళిందని విన్నాం. నాన్న రెండుసార్లు వెతికి వచ్చాడు. కనబడలేదు.

ఇప్పుడు నేను చైతన్యపురిలో ఉంటున్నాను. మనవలు కొట్లాడుకుని నా దగ్గరికి వస్తే, వాడు కొట్టాడా, ఇది లాక్కుందా అని అడగను. ఏమైందో చెప్పమని ఊరుకుంటాను, చెప్పేదాకా కాచుకుంటాను. నేను చూశానని ఎవరి మీదైనా చెప్పాల్సి వస్తే నోరు తడబడుతుంది. అందుకు చుట్టాల్లో నన్ను పిరికిదంటారు. అననీ.

రిక్షా కదిలినప్పుడు అక్క వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వినట్టు నాకు బాగా గుర్తు. కానీ ఆ నవ్వు నాకు కావాలి, ఇన్నేళ్ళుగా కావాలి. అందుకే దాన్ని నేను నమ్మను.