బాపు మాట దాటనివాళ్లు

భూములు పోయి, మామిడితోట గని కిందికి పోయాక మా గడీకి మిగిలిన వైభవం ఎత్తయిన అరుగు ఒక్కటే. దానిమీద మా బాపు రోజూ సాయంత్రం పేపరు చదివేవాడు.

హైదరాబాదు పేపరు రైలులో రామగుండం వచ్చి, బస్సెక్కి కమాన్‌పూర్ పక్కనున్న మా ఊరు చేరేసరికి పొద్దు వాలేది. అప్పటికి మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేసిన గని కార్మికులు కొందరు వచ్చి అరుగు మెట్లమీద కూర్చునేవారు. వాళ్ల తండ్రులు మా పొలాల్లో పనిచేసినవారు. వీళ్లను మాత్రం ఎవరూ పిలవలేదు, వాళ్లంతట వాళ్లే వచ్చేవారు. బాపు గర్వమంతా అందులోనే ఉండేది.

"దొరా, ఆ మంత్రి ఒక్కదినం మన బొగ్గుబాయిల దిగితె తెలుస్తది," అనేవాడొకడు.

"ముందు నువ్వు దిగురా, నాగాలు పెట్టకుంట!" అనేవాడు బాపు. మెట్లన్నీ నవ్వేవి.

కొన్నాళ్లకు చౌరస్తాలోని చాయ్ హోటల్లోకి ట్రాన్సిస్టర్ వచ్చింది. వాళ్లంతా డ్యూటీకి పోతూ అక్కడే వార్తలు వినేవారు. అయినా సాయంత్రం వచ్చి, బాపు చదువుతుంటే "అట్లనా దొరా!" అంటూ కొత్తగా విన్నట్టే ఆశ్చర్యపోయేవారు. బాపుకు ఈ సంగతి తెలియదు.

ఒకనాడు "గోదావరి జిల్లాల్లో వరదలకు రైలు వంతెన..." అని చదువుతూ బాపు కళ్లద్దాలు తుడుచుకోవడానికి ఆగాడు.

"కొట్టుకపోయింది, రైళ్లు బంద్," అన్నాడు వాళ్లలో పెద్దవాడు, పరధ్యానంగా.

"నీకెట్ల ఎరుక?"

"రేడియోల చెప్పిండ్రు దొరా. నిన్ననే."

"ఎరుకైనదాన్ని మళ్ల నా దగ్గర ఎందుకు ఇంటున్నరు?"

"మీరు చదువుతుంటె ఇనబుద్ధయితది దొరా."

అతడు చెప్పింది నిజమే. బాపుకు మాత్రం అది జాలిలా వినబడింది. పేపరు మడిచి, "రేపటి సంది రాకుండ్రి," అన్నాడు.

మా ఊళ్లో గడీ మాట దాటినవాళ్లు లేరు. వాళ్లూ దాటలేదు.

మరునాడు బాపు ఉతికిన ధోవతి కట్టుకుని వేళకే అరుగు మీద కూర్చున్నాడు. మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఎవరూ రాలేదు.

"ఒక్క కబురు పంపుండ్రి, ఉరికొస్తరు," అంది అమ్మ.

"అందుకే పంప. గడీల నుంచి కబురు పోతె భయానికి వస్తరు. గట్ల నాకొద్దు."

చాలా కాలానికి ఒక సాయంత్రం ఆ పెద్దవాడు మా వాకిలి ముందు ఆగాడు. బాపు చేతిలోని పేపరు దించాడు.

"దండం దొరా. పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. నీకు?"

"ఉన్న దొరా."

ఒక్క మాట పిలిస్తే వచ్చి కూర్చునేవాడు. బాపు పిలవలేదు. రావద్దన్న చోటికి అతడు అడుగు పెట్టలేదు. తువ్వాల భుజాన సర్దుకుని, చౌరస్తా వైపు వెళ్లిపోయాడు. బాపు పేపరు ఎత్తుకున్నాడు గానీ చదవలేదు.