స్పీడు తక్కువ తోడి

అచ్యుతాపురంలో కంపెనీ బస్సు ఎక్కి కూర్చోగానే నా చేతుల నుంచి స్పిరిట్ వాసన వస్తుంది. ల్యాబులో రోజంతా బల్లలూ గాజుసామానూ దాంతోనే తుడుస్తాం. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల సందున కాస్త మిగిలే ఉంటుంది. పక్క సీటు అమ్మాయి ముఖం కిటికీ వైపు తిప్పుకుంటుంది. నాకు మాత్రం అది ఫ్యాక్టరీ వాసన కాదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో ఒక ఇరుకు షాపు ఉండేది, దాని వాసన. అక్కడ ఖాజా మామయ్య దూది చుట్టిన పుల్లని స్పిరిట్‌లో ముంచి టేపురికార్డరు హెడ్డు తుడిచేవాడు. దూదికి అంటిన గోధుమరంగు మడ్డిని మాకందరికీ చూపించి, అప్పుడు గానీ క్యాసెట్టు పెట్టేవాడు కాదు.

బస్సు కదిలే వేళకి ఫోను కూడా మోగుతుంది. మాకొక శాస్త్రీయ సంగీతం గ్రూపుంది. సాయంత్రం అయ్యేసరికి అందులో ఎవరో ఒకరు అడుగుతారు, "ఈరోజు ఏం వింటున్నారు?" అని. ఇక లింకులు మొదలవుతాయి. రెండు గంటల కచేరీ పెట్టిన రెండో నిమిషంలోనే "అద్భుతం" అని ఒకరు, దండాలు పెడుతూ ఇంకొకరు. నన్ను నేను వెనకేసుకురావడం లేదు, నేనూ అలా రాసినదాన్నే. పది గంటలు నిలబడి పనిచేసిన మనిషికి బొటనవేలు బొమ్మ నొక్కడం కంటే సులువైన పని ఏముంది? ఈమధ్య మాత్రం నొక్కబోయి ఆగిపోతున్నాను. ఎందుకాగిపోతున్నానో చెప్పాలంటే ఖాజా మామయ్య గురించి చెప్పాలి. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు.

ఆయన రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ముఖ్యంగా టేపు స్పీడు సరిచెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని ఊళ్లో పేరు. మోటారు వెనక చిన్న కన్నంలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని పిసరంత తిప్పి, చెవి దగ్గరగా పెట్టి, మళ్లీ పిసరంత వెనక్కి తిప్పేవాడు. రిపేరుకొచ్చిన ప్రతి సెట్టుకీ దారంతో ఒక చీటీ కట్టి ఉండేది. దాని మీద గుండ్రటి అక్షరాలతో మూడు వరసలు: కస్టమరు, కంప్లెయింటు, రిపేరు. మూడో వరస పని పూర్తయ్యాకే నింపేవాడు. సరిగా లేని సరుకు షాపు గుమ్మం దాటకూడదని ఆయన పట్టుదల.

మా నాన్న అప్పలస్వామి బెల్లం మార్కెట్టులో కళాసీ. బండి మీంచి దిమ్మలు దించడం, కాటాకెక్కించడం, లారీకెత్తడం, అదీ ఆయన పని. ఒక ఆదివారం మా ఇంటి రేడియో పట్టుకుని ఆ షాపుకి వెళ్లాడట. అక్కడ నలుగురు మనుషులు బల్ల చుట్టూ కూర్చుని, మాటా పలుకూ లేకుండా కర్ణాటక సంగీతం వింటున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లది అదే పని. ఒక్కొక్కరూ ఒక్కో క్యాసెట్టు తెచ్చేవారు. రేడియో బాగుచేసి చేతిలో పెట్టినా నాన్న లేవలేదు. "అయిపోయింది బావా, తీసుకెల్లు" అని మామయ్య అంటే, "ఈ పాట కూడా అవనీ బావా, ఎల్తాను" అన్నాడట. ఆ వెళ్లడం మరి వెళ్లలేదు. ఆదివారం వస్తే చాలు అక్కడే. ఇంట్లో అల్లరి చేస్తున్నానని అమ్మ నన్నూ ఆయన వెంట తోలేసేది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. పాట అయ్యాక "బాగుంది" అనకూడదు. ఎక్కడ ఆగావో చెప్పాలి. అంటే, వింటూ వింటూ ఏ చోట నీ మనసు అక్కడే నిలబడిపోయిందో, ఆ చోటు. కాలేజీ లెక్చరర్ గారొకాయన స్వరాల పేర్లతో సహా చెప్పేవారు. మా నాన్నకి స్వరాలు తెలియవు, "ఆవిడ ఊపిరి తీసుకున్న కాడ" అనేవాడు. ఖాజా మామయ్య ఇద్దరికీ ఒకేలా తలాడించేవాడు. నా వంతు వస్తే నేను లెక్చరర్ గారి మాటలే చిలకలా అప్పజెప్పేదాన్ని. నాలుగు వారాలు నడిచింది. ఐదో వారం మామయ్య టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

"నువ్వాగిన సోటు రాగానే సెయ్యెత్తు బేటీ," అన్నాడు.

ఎత్తవలసిన చోటు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆయన కోప్పడలేదు. "వినలేదని సెప్పు. అది తప్పు కాదు. వినకుండా విన్నానని మాత్రం సెప్పకు," అన్నాడు. తర్వాత, "నిజంగా ఎక్కడాగేవు?" అని అడిగాడు. నేను సిగ్గుపడుతూనే నిజం చెప్పాను: "అనౌన్సరు గొంతు దగ్గర." అందరూ ఘొల్లున నవ్వారు. మా నాన్న మరీ నవ్వాడు. మామయ్య మాత్రం, "అదీ వినడమే," అన్నాడు.

ఆ అనౌన్సరు సంగతి చెప్పాలి. ఆ షాపులో అన్నిటికంటే ఎక్కువసార్లు పెట్టిన క్యాసెట్టు ఒకటుంది. మామయ్య రేడియోలోంచి టేపు మీదకి పట్టిన తోడి రాగం ఆలాపన. పాడినావిడ ఎవరో ఎవరికీ తెలియదు. మొదలు అందలేదు. చివర అనౌన్సరు వచ్చి "ఇప్పటివరకు మీరు విన్నది" అంటాడు, అంతే, టేపు అయిపోతుంది. ఆ అనౌన్సరు గొంతు బొంగురుగా, బరువుగా, పాకంలో పడ్డట్టు సాగుతూ ఉండేది. "పాపం, పడిశం పట్టినట్టుంది. మిరియాల కసాయం పొయ్యండర్రా ఆయనకి," అనేవాడు నాన్న ప్రతిసారీ. ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు. ఆవిడ గొంతూ అలాగే లోతుగా, ఏ తొందరా లేకుండా ఉండేది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి పోవడానికి ఎంతసేపు తీసుకునేదో. భుజాల మీద తువ్వాలు కప్పుకుని, గోడకి జారబడి, నాన్న ఒకసారి అన్న మాట నాకిప్పటికీ గుర్తు.

"వారమంతా మార్కెట్లో ఒకటే పరుగు బావా. ఈవిడొక్కర్తే నన్నొగ్గేసి ముందుకెల్లిపోదు."

నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన పోయాక కూడా నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మనుషులు తగ్గారు. టేపురికార్డర్లు తగ్గాయి. మామయ్య కొడుకు బాషా షాపులో ఫోన్ కవర్లు పెట్టాడు, మామయ్య బల్ల మూలకి జరిగింది. గ్రూపు పెట్టింది బాషాయే, వాళ్ల నాన్న సంతోషం కోసం. ఎక్కడెక్కడి ఊళ్ల వాళ్లో అందులో చేరారు.

మూడేళ్ల కిందట ఆ చేరినవాళ్లలో ఒకాయన పాత రేడియో రికార్డింగు ఒకటి పెట్టాడు. శుభ్రంగా, మొదటి నుంచీ చివరిదాకా ఉంది. బస్సులోనే విన్నాను. వినగా వినగా ఒక మలుపు దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. అది మా తోడి. కానీ మా తోడి కాదు. గొంతు పల్చగా ఉంది, చురుగ్గా ఉంది, శ్రుతి పైకుంది. చివర అనౌన్సరు వచ్చాడు. ఆయనకి పడిశమూ లేదు, పాడూ లేదు. చక్కటి గొంతుతో గాయని పేరు కూడా చెప్పాడు. మా టేపులో ఇరవై రెండు నిమిషాలు పట్టిన భాగం ఇందులో ఇరవై నిమిషాలకే అయిపోయింది. ఇన్నేళ్లూ మేం విన్నది సాగదీసిన గొంతు.

నేనప్పుడు ఏం చెయ్యాలి? షాపుకెళ్లి, మామయ్య పక్కన కూర్చుని, మెల్లిగా చెప్పాలి. అది చెయ్యలేదు. కనిపెట్టానన్న సంబరం నన్నాగనివ్వలేదు. మా టేపులోంచి అదివరకు ఫోనులో పట్టుకున్న ముక్కని దీని పక్కన పెట్టి, "ఇన్నేళ్లూ ఖాజా గారి షాపులో విన్నది తప్పు స్పీడు!" అని గ్రూపులో రాశాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఎవరో, "స్పీడు మెకానిక్ గారి స్పీడే తప్పా?" అని రాశారు. దానికి నేను నవ్వు బొమ్మ పెట్టాను. ఆ బొమ్మ పెట్టిన వేలు నాదే. మామయ్య చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ఆదివారం వెళ్లేసరికి ఆయన తన టేపురికార్డరు విప్పి బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. 

"రా బేటీ, కూకో. నీది రైటే. దీంట్లో తేడా ఏటీ నేదు, మూడు రోజుల్నుంచి సూత్తన్నాను. ఆకరికి గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు పోయింది. నా మిషన్‌కి బ్యాటరీ నేదు. రిపేరుకొచ్చిన సెట్టొకటి బ్యాటరీలతో ఉంటే గబగబా దాని మీద పట్టేను. దాని కంప్లెయింటేటో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"స్పీడు ఎక్కువ."

పరిగెత్తే మిషను మీద పట్టిన పాట, సరైన మిషను మీద పెడితే ఈడుస్తుంది. ఆ మర్నాడే ఆ సెట్టుని బాగుచేసి, చీటీ నింపి, ఇచ్చేశాడు. దాని మీద పట్టిన పాట సంగతి మరిచిపోయాడు. "ఊరందరి మిషన్లూ సరిసేసేను. నా టేపు నేను సూసుకోనేదు," అన్నాడు. నవ్వబోయాడు గానీ ఆ నవ్వు రాలేదు.

"గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది మామయ్యా. ముందు నీకు చెప్పాల్సింది," అన్నాను.

"విన్నది సెప్పమని నేర్పింది నేనే గదమ్మా," అన్నాడాయన. స్క్రూలు ఒక్కొక్కటీ ఏరి మూతలో వేస్తూ, నా వైపు చూడకుండా, "నవ్వు బొమ్మ నేర్పలేదు గానీ," అన్నాడు.

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చెవులు సరిగా పనిచెయ్యడం లేదంటూ ఆదివారాలు మానేశాడు. నేను రెండు మూడుసార్లు వెళ్లాను, టీ తాగాం, షుగరు గురించి మాట్లాడుకున్నాం. క్యాసెట్టు ఏమైందని అడగడానికి ధైర్యం చాలలేదు. సరిగా లేనిదాన్ని ఆయన షాపులో ఉంచడు; చెరిపేసి ఉంటాడనే అనుకున్నాను. తర్వాత షిఫ్టులు మారాయి, ఒంట్లో ఓపిక లేదు, వెళ్లడం తగ్గింది. ఓపిక లేదన్నది సగమే నిజం. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన పోయిన కబురు నాకు గ్రూపులోనే తెలిసింది, రెండు లింకుల మధ్య.

కిందటి నెల బాషా ఫోను చేశాడు. షాపు పెద్దది చేస్తున్నాడట, మూల బల్ల తీసేస్తున్నాడట, ఒకసారి రమ్మన్నాడు. వెళ్తే మామయ్య టేపురికార్డరు, దాని మీద ఒక క్యాసెట్టు నా ముందు పెట్టాడు. "ఈ టేపునెవరైనా సరిసేత్తానంటే ఇయ్యొద్దన్నారక్కా నాన్న. మీరొత్తే ఇమ్మన్నారు," అన్నాడు. క్యాసెట్టుకి దారంతో చీటీ కట్టి ఉంది. అక్షరాలు గుండ్రంగా లేవు, వణికిపోయి ఉన్నాయి. అయినా మూడు వరసలూ నిండి ఉన్నాయి.

కస్టమరు: అప్పలస్వామి.

కంప్లెయింటు: స్పీడు తక్కువ.

రిపేరు: అక్కర్లేదు.

కస్టమరు దగ్గర మా నాన్న పేరు చూసి, ఫోన్ కవర్లు కొనడానికొచ్చిన వాళ్ల మధ్య నిలబడి ఏడ్చాను. బాషా స్టూలు తెచ్చి వేశాడు.

ఇప్పుడు సాయంత్రం బస్సులో ఆ ప్రశ్న వచ్చినప్పుడు, వినని రోజున "వినలేదు, అలిసిపోయాను" అని రాస్తున్నాను. రాసి ఫోను బ్యాగులో పడేసి కళ్లు మూసుకుంటాను. నా జవాబు చూసి ఒకరిద్దరు ఆరోగ్యం బాగోలేదా అని అడిగారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచి, ఆ క్యాసెట్టు పెడతాను. శుభ్రమైన తోడి ఫోనులో ఉంది, అదే సరైనదని నాకు తెలుసు, అదీ వింటాను. ఈ టేపుని మాత్రం గోడకి జారబడి వింటాను. ఎక్కడ ఆగావని అడిగేవాళ్లు లేరు. అడిగితే పదకొండేళ్లప్పుడు చెప్పిందే చెబుతాను. చివర్లో ఆ అనౌన్సరు పడిశం గొంతుతో వస్తాడే, అక్కడ. మా నాన్న నవ్వడానికి కాస్త చోటుంటుంది, అక్కడ ఆగుతాను.